గ్రహణంలో షేర్లు

ఇప్పుడు ఊళ్లన్నీ ఎండ కరెంటుతోనే నడుస్తున్నాయి. అందుకే సూర్యగ్రహణం పట్టగానే జనం భయపడి కరెంటు కంపెనీ షేర్లు అమ్మేస్తారు. ఇవాళా అంతే.

"కంపెనీకి అప్పులు తక్కువ, ఏటా లాభాలు పంచుతోంది. తగ్గింది ధరే, విలువ కాదు. కొనండి" అంది గూట్లోని సలహాయంత్రం.

నా రిటైర్మెంటు డబ్బంతా చేతిలోనే ఉంది. కానీ గ్రహణంలో మంచినీళ్లే ముట్టనివాణ్ణి, షేర్లెలా కొనను?

"విడుపు స్నానం చేసి కొంటాను" అన్నాను.

"అప్పటికి ధర పెరిగిపోతుంది."

రోజూ సూర్యుడికి అర్ఘ్యం వదిలేవాణ్ణి, ఆయన మీద కాసేపు నీడ పడితే బెదరడం భక్తేనా అని అనుమానం వచ్చింది.

గ్రహణదోషం తగలకుండా పచ్చళ్ల జాడీల మీద దర్భలు వేస్తున్న మా ఆవిడ వర్ధనమ్మ, ఒకటి తెచ్చి యంత్రం మీద పెట్టింది.

"ఆవకాయను కాపాడే దర్భ షేర్లను కాపాడదుటండీ? ఊఁ, కొనండి, ఆయన బయటికొచ్చేస్తున్నాడు!"