రిబ్బను లేని కుండ

మిల్లు గేటు ముందు మూడో మజ్జిగ కుండ వెలిసింది.

భీమశంకరరావు కళ్ళు దాని మీదే పడ్డాయి.

ఎర్ర రిబ్బను కట్టిన కుండ నాగబాబుది. నీలం రిబ్బను కుండ తిరుమలరావుది. యూనియన్ అధ్యక్ష పదవికి ఇద్దరూ పోటీ. ఎవరి కుండలో మజ్జిగ తాగితే వాళ్ళకే ఓటు. ఆటోనగర్‌లోని ఆ ఇనుప చువ్వల మిల్లులో అది ఎప్పటి నుంచో ఉన్న కట్టు.

ఈ మూడో కుండకు రిబ్బనే లేదు.

దాని వెనక ఒక ముసలావిడ, నెత్తిన కొంగు కప్పుకుని ఎండలో కూర్చుంది.

ఈసారి ఎన్నిక మిల్లును నిలువునా చీల్చింది. తిరుమలరావు గెలిస్తే యాభై దాటిన వాళ్ళ గేటు పాసులు పోతాయని ఎర్ర రిబ్బను వాళ్ళ భయం. నాగబాబు గెలిస్తే సమ్మె కట్టి మిల్లే మూయిస్తాడని నీలం రిబ్బను వాళ్ళ భయం. సొంత బావమరుదులు కూడా క్యారేజీలు వేరు వేరు చోట్ల విప్పుకుంటున్నారు.

భీమశంకరరావుకు యాభై దాటింది. భార్య పోయింది. మిగిలింది గేటు పాసొక్కటే. అదీ పోతే పొద్దున్నే లేవడానికి కారణం ఉండదు.

అందుకే తెల్లారిన దగ్గర్నుంచి గొంతు చించుకుంటున్నాడు.

"నరేష్ చావుకు న్యాయం ఎవరు చేస్తారు?"

"నాగబాబు!"

నరేష్ కిందటి ఎండాకాలం కొలిమి దగ్గర దాహం దాహం అంటూ కూలిపోయినవాడు. రోడ్డుకు అటూ ఇటూ కట్టిన రెండు పక్షాల ఫ్లెక్సీల మీదా అతని బొమ్మ ఉంది. అభ్యర్థుల ముఖాలు బండి చక్రాలంత. నరేష్ ముఖం తపాలా బిళ్ళంత.

భీమశంకరరావు ముసలావిడ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ఏటమ్మా, ఎవుల కుండ ఇది?"

"ఎవులదీ కాదు బాబూ. తాగండి. సల్లగుంటాది."

"ఎవులదీ కాకుండా ఊరికే పోత్తావేటి? ఎవులు రమ్మన్నారు నిన్ను?"

"కబురొచ్చింది బాబూ. ఒట్టి సేతుల్తో ఏటొత్తానని మజ్జిగ సిలికి తెచ్చినాను."

"కబురొచ్చిందట, ఇన్నారా!" అతను ఓటేయడానికి వరుసలో ఉన్నవాళ్ళ వైపు తిరిగి అరిచాడు. "ఇది నీలం రిబ్బనోళ్ళ ఎత్తు. రిబ్బను ఇప్పేసి మనోళ్ళ సేత తాగిత్తన్నారు. తాగినాక మావోడే అంతారు."

"మీగడ కూడా ఉంది బావా! రెండు ఓట్లకి సరిపోద్ది" అన్నాడు వరుసలోంచి ఒకడు.

నవ్వులు.

భీమశంకరరావు నవ్వలేదు. "మీవోడు మిల్లులో పని సేత్తన్నాడా?"

"సేసీవోడు బాబూ."

"ఏ పక్క?"

ముసలావిడ తలెత్తి రోడ్డుకు అటు చూసింది. ఇటు చూసింది.

"రెండు పక్కలా ఉన్నాడు."

జనం గొల్లుమన్నారు.

"అయితే గోడ మీద పిల్లిని కన్నావన్నమాట!"

ఆవిడ సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి, కుండలో ముంచి, అతనికి అందించింది.

"నువ్వు తాగు బాబూ. అరిసి అరిసి గొంతు ఎండిపోనాది."

అతను ఆ చెయ్యి విసిరికొట్టాడు. గ్లాసు దొర్లుకుంటూ నూకాలు టీ బడ్డీ కిందికి పోయింది. అంతటితో ఊరుకోలేదు. కుండను కాలితో తన్నాడు.

మజ్జిగనంతా తారు రోడ్డు తాగేసింది.

ఆవిడ వంగి పెంకులన్నీ ఏరి పక్కకు పెట్టింది.

"సెప్పుల్లేనోళ్ళుంతారు" అంది, ఎవరితోనో అన్నట్టు.

తర్వాత సింహాచలం బస్సెక్కి వెళ్ళిపోయింది.

"పాపం, పెద్దావిడ" అన్నాడు ఇందాక నవ్వించినవాడు.

"పాపం పుణ్యం అంటూ కూకుంటే రేపు నీ పాసు ఉండదు" అన్నాడు భీమశంకరరావు.

సాయంత్రానికి నాగబాబు గెలిచాడు.

టపాసులు పేలాయి. ఎర్ర రంగు చల్లుకున్నారు. నాగబాబు లారీ ఎక్కి మైకు అందుకున్నాడు.

"సమ్మె అన్నది ఆకరి మాట. ముందు యాజమాన్యంతో కూకుందాం. సర్దుకుందాం."

నిన్నటిదాకా తిరుమలరావు చెప్పిందీ అదే.

"మరి యాభై దాటినోళ్ళ సంగతి?" కింద నుంచి ఎవరో అడిగారు.

"సూద్దాం, సూద్దాం" అన్నాడు నాగబాబు.

ఆ మాట టపాసుల మోతలో కలిసిపోయింది. భీమశంకరరావు మాత్రం విన్నాడు. విననట్టే ఊరుకున్నాడు.

నాగబాబు ఒక శాలువా విప్పాడు.

"ఇది ఒక పెద్ద ప్రాణానికి కప్పుదామని తెప్పించినాను. రమ్మని కబురెట్టినాను. రానేదు. సరే, ఎవులికోసం దాసుకోవాలి? ఇయ్యాల మనకోసం ఎండలో నిలబడినోడు మా బావ!"

చప్పట్ల మధ్య శాలువా భీమశంకరరావు భుజాల మీద వాలింది.

భార్య పోయాక అతని భుజం మీద ఎవరైనా చెయ్యి వేయడం అదే మొదలు. కళ్ళు చెమర్చాయి. గొంతు మాత్రం మండిపోతోంది.

బడ్డీ దగ్గరకు వచ్చాడు.

"మంచినీళ్ళియ్యి నూకాలూ."

నూకాలు ఒక స్టీలు గ్లాసు కడిగి, నిండా నీళ్ళు పోసి ఇచ్చింది.

"పొద్దుటి ముసలామిది అన్నియ్యా. బల్ల కింద దొరికినాది. మల్లీ వత్తే ఇచ్చీయాలి."

"ఎందుకొత్తాది? బుద్ధొచ్చుంటాది" అంటూ గటగటా తాగాడు.

బొటనవేలికి ఏదో గరుకుగా తగిలింది. సామాను కొన్న కొట్లో పేరు చెక్కిస్తారే, ఆ చుక్కల అక్షరాలు.

భుజం మీంచి జారుతున్న శాలువాను ఒక చేత్తో పట్టుకుని, గ్లాసును బల్బు వైపు తిప్పి, చదివాడు.

"అమ్మకు, మొదటి జీతంతో, నరేష్."