ముక్కు మీద అనుమానం

చెకింగాయన నోటీసుని మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు.

ఇరవై రోజుల కిందట సిగ్నల్ దగ్గర అతని కారు ముందున్న చిన్న కారుని గుద్దింది. తప్పు అతనిదే. అతని నుదురు స్టీరింగ్‌కి కొట్టుకుంది. ముందు కారు నడుపుతున్నావిడ తల కిటికీ అద్దానికి తగిలింది. ఆవిడ దిగి, తల తడుముకుని, "నాకేం కాలేదండీ" అని తన నోటితోనే చెప్పి వెళ్లిపోయింది.

ఇప్పుడేమో ఆ దెబ్బకి వాసన తెలియకుండా పోయిందట. కేకులు చేసి అమ్ముకునే మనిషట. పరిహారం కావాలట.

"దెబ్బ నాకూ తగిలింది. నేను గుండ్రాయిలా లేనూ?" అన్నాడు భార్యతో.

"కొన్ని ఆలస్యంగా బయటపడతాయంటారు."

"కాలో చెయ్యో అంటే ఎక్స్‌రే తీస్తారు. అందుకే ఎవరికీ కనిపించనిది ఎంచుకుంది. గడుసుది."

పాతికేళ్లుగా బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తున్నవాడు. నిద్ర నటించేవాళ్లని ఒక్క చూపులోనే పసిగట్టేస్తాడు. ఈ మధ్య ఆ అనుమానం ఇంటిదాకా వచ్చింది. వంట మీద శ్రద్ధ తగ్గిందని భార్యని సాధిస్తున్నాడు. కాఫీపొడిలో ఏదో కలుపుతున్నావని కొట్టువాడితో రెండుసార్లు గొడవపడ్డాడు.

బీమా కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. "ఆవిడది నటనేనని మీరు రాసిస్తే, ఇక కేసు నిలబడదండీ."

"చూసొచ్చి రాసిస్తాను."

సెలవు రోజున వెళ్లాడు. ఎలా ఉన్నారో కనుక్కుందామని వచ్చానన్నాడు. కేకులావిడ నొచ్చుకోలేదు. ఆర్డరు తొందరలో ఉందని వంటగదిలోకే పిలిచి, పొయ్యి గట్టు పక్కన కుర్చీ వేసింది. పొయ్యి మీద సన్నని సెగన పాకం కాగుతోంది. ఆవిడ అవతలి మూల బల్ల దగ్గరికి వెళ్లి క్రీమ్ గిలక్కొట్టసాగింది. మిషన్ చప్పుడుకి గొంతు పెంచి మాట్లాడుకోవలసి వచ్చింది.

సీసాలన్నిటికీ పేర్లు రాసి అంటించి ఉన్నాయి.

"ఇదివరకు మూత తీస్తే తెలిసిపోయేది" అందావిడ. "ఇప్పుడు పాలు విరిగాయో లేదో కూడా మా అమ్మాయే చూసి చెప్పాలి."

వచ్చేవాళ్లకి చూపించడానికి అంటించినట్టుంది అనుకున్నాడు.

గాలికి వెనక తలుపు దడాలున తెరుచుకుంది. ఆవిడ వెళ్లి గడియ పెట్టి వచ్చింది.

"మరి రుచులు తెలుస్తాయా?" గాలం వేశాడు.

"ఉప్పూ తీపీ తెలుస్తాయండీ. మిగతాదంతా అట్టముక్క నమిలినట్టే."

ఎక్కడా తడబాటు లేదు. బాగా బట్టీ పట్టింది. ఇంకా ఏవేవో అడిగాడు. అన్నిటికీ జవాబు సిద్ధంగానే ఉంది. నిజం చెప్పేవాళ్లు ఇంత గడగడా చెప్పరని అతని అనుభవం. బీమా మనిషికి రాయబోయే కాగితంలో మొదటి వాక్యం మనసులో కుదిరిపోయింది.

అరగంట గడిచింది. లేవబోతుంటే, పక్కింటి పెద్దావిడ ముక్కు మూసుకుని పరుగున వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. పొయ్యి కట్టేసి, కిటికీలూ తలుపులూ బార్లా తెరిచింది.

"గాలికి మంట ఆరిపోయిందే. గ్యాస్ మా వరండా దాకా కొడుతోంది."

కేకులావిడ ఉన్నచోటే కూలబడింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎందరెందరి నటనో చూసిన చెకింగాయనకి, ఇది నటన కాదని తెలిసిపోయింది. రాయాలనుకున్న వాక్యం మనసులోనే కొట్టేసుకున్నాడు. ఆవిడకి క్షమాపణ ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాడు.

పెద్దావిడ ఆయాసపడుతూ అతని వైపు తిరిగింది.

"దానికైతే ముక్కు పనిచెయ్యదు, ఇంతసేపూ పొయ్యికి ఆనుకుని కూర్చున్న నీకూ తెలియలేదా బాబూ?"