గుమ్మానికి అడ్డంగా

“పక్కకు తప్పుకో అక్కా. నీతో మాకు గొడవ లేదు.”

పొడుగు అని అందరూ పిలిచే కుర్రాడి చేతిలో ఇనుప రాడ్ ఉంది. అతని వెనక మెట్ల మీద ముగ్గురు స్నేహితులు. టైర్ల షాపు పైనున్న ఆ ఇంటికి ఒకటే మెట్లదారి, అదీ ఒక మనిషి పట్టేంత. పై మెట్టు మీద, మూసిన తలుపుకు వీపు ఆనించి లీడరక్క నిలబడి ఉంది.

ఆమెకు ఇరవై రెండేళ్లు. కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం. మత్తుమందులూ కొట్లాటలూ వద్దంటూ ఆ వీధి కుర్రాళ్లు పెట్టుకున్న గ్రూపుకు ఆమే పెద్ద. ఆదివారాలు బడిపిల్లల ముందు నాటకాలు వేస్తారు. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆమె లీడరక్క. రాడ్ పట్టుకున్న పొడుగు కూడా ఆ గ్రూపువాడే. నాటకంలో గొడవ ఆపే మంచివాడి వేషం ఎప్పుడూ అతనిదే.

“లోపలున్నవాడిని ఏం చేద్దామని?” అంది.

“వాడు పిట్టకు చేసిందే.”

పిట్ట అని వాళ్లు పిలుచుకునే కుర్రాడు పోయి వారం కూడా కాలేదు. ఏవో మాత్రలు మింగి, బస్టాపు బెంచీ మీద నిద్రపోయినవాడు మళ్లీ లేవలేదు. ఆ మాత్రలు అమ్మింది ఈ ఇంట్లోని బైకు మెకానిక్ అని ఆ మధ్యాహ్నమే బయటపడింది. నోరు విప్పి పట్టుమని నాలుగు మాటలు మాట్లాడడు కాబట్టి వాడిని అందరూ సైలెన్సర్ అంటారు.

లోపలినుంచి వాడి తల్లి ఏడుపు వినిపించింది. “లోపలికి వచ్చెయ్ తల్లీ, నిన్ను కూడా కొడతారు!”

“నువ్వు గడియ తియ్యకమ్మా. వాడిని కిటికీ దగ్గరికి రానివ్వకు.”

కింద జనం పోగయ్యారు. “ఎలా నిలబడిందో చూడు” అన్నారెవరో.

“తోడబుట్టినవాడాయె. లోపల ఎంత కుమిలిపోతోందో పాపం” అన్నాడు టైర్ల షాపాయన.

పొడుగు ఇంకో మెట్టు ఎక్కాడు. “వేరేవాళ్లు ఆపితే అర్థముంది. నువ్వు ఆపడమేంటక్కా? నీకు మనసెలా ఒప్పింది?”

“మనసుని అడగలేదు.”

“రేపు ఇంకొకడు పోతాడు. అప్పుడూ ఇలాగే నిలబడతావా?”

“వీడి కాళ్లు విరగ్గొడితే మాత్రలు ఆగుతాయా? సాయంత్రానికి ఇంకొకడిని పెట్టుకుంటారు. కొమ్మలు నరుకుతూ కూర్చుంటే చెట్టు చస్తుందా?”

“నీతులు నాటకంలో చెప్పుకుందాంలే.”

“అవి నాటకానికేనా? ఆదివారం ఆ పిల్లల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడతావు?”

ఆమె గొంతు తగ్గించింది.

“చిన్నప్పుడు వాడిని చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లింది నేను. నాకు కోపం లేదనుకుంటున్నావా? చేతులు ఎందుకు వెనక్కి పెట్టుకున్నానో తెలుసా? ముందుకొస్తే ఏం చేస్తాయోనని.”

“మాటలతో పొద్దు పుచ్చుతోందిరా, పద!” అంటూ వెనకున్నవాడు పొడుగును గోడకు నెట్టి దూసుకొచ్చి ఆమె భుజం పట్టి లాగాడు. ఆమె మోచెయ్యి గోడకు కొట్టుకుని చర్మం లేచిపోయింది. అయినా తలుపు వదల్లేదు.

“అక్క మీద చెయ్యి వేస్తావా?” పొడుగు వాడి కాలర్ పట్టుకున్నాడు. వాడు ఇతని కాలర్ పట్టుకున్నాడు. రాడ్ పైకి లేచింది.

లేచి అక్కడే ఆగిపోయింది. తను ఎవరి మీదకు ఎత్తాడో పొడుగుకు అప్పుడు కనిపించింది. వాడూ తనూ పక్కపక్క ఇళ్లలో పెరిగినవాళ్లు.

“లోపలికి అడుగు పెట్టకముందే మీలో మీకు మొదలైంది” అంది ఆమె.

పొడుగు కాలర్ వదిలేశాడు. రాడ్‌ను మెట్టు మీద పెట్టి, తనూ అక్కడే కూలబడి, మోకాళ్లలో మొహం దాచుకుని ఏడ్చాడు. పిట్ట పోయినప్పటినుంచి అతను ఏడవడం అదే మొదలు.

గడియ తీసిన చప్పుడైంది. సైలెన్సర్ గుమ్మంలోకి వచ్చాడు.

“నేనూ అవే మింగుతున్నానక్కా. ఇచ్చేవాడు నాకు ఊరికే ఇస్తాడు, నలుగురికి అలవాటు చేస్తే చాలంటాడు. చచ్చిపోతారని నాకు తెలీదు.”

ఆమె వాడి మొహంలోకి చూడలేదు. “ఇచ్చేవాడి పేరు స్టేషన్‌లో చెప్తావా?”

“చెప్తే దారిలోనే చంపేస్తారు.”

“వీళ్లు నీ చుట్టూ నడుస్తారు.”

పొడుగు తలెత్తాడు. “మేమా?”

“మీరే. కొట్టడానికి నలుగురొచ్చారు, కాపాడడానికి చాలరా?”

పొడుగు లేచి, కళ్లు తుడుచుకుని, రాడ్‌ను టైర్ల షాపాయన చేతికిచ్చాడు. “నడవరా” అన్నాడు సైలెన్సర్‌తో.

వీధి వీధంతా చూస్తుండగా నలుగురూ వాడిని మధ్యలో పెట్టుకుని నడిచారు. లీడరక్క ముందు నడిచింది.

స్టేషన్‌లో సైలెన్సర్ మాత్రలు ఇచ్చేవాడి పేరు చెప్పాడు. ఒకటి కాదు, తెలిసినవన్నీ చెప్పాడు. వాడిని ముందు ఆసుపత్రిలో చేర్చి మాత్రల అలవాటు మాన్పించాలని లీడరక్క పట్టుబట్టింది. ఎస్సై సరేనన్నాడు. ఆమె మోచేతి మీది రక్తం చూసి కుర్చీ చూపించాడు.

“వాడి కోసం దెబ్బలు కూడా తిన్నావు. వాడికి ఏమవుతావమ్మా?”

“ఏమీ కాను.”

“మరి?”

“పిట్టకు సొంత అక్కని.”