వీరమ్మ సీసా

సోమవారం మధ్యాహ్నం బుల్లిరాజు కుడిచేతిలో భార్య దుర్గ మందు సీసా ఉంది. ఎడమచేతిలో పక్కగది వీరమ్మది. రాజమండ్రి ఆసుపత్రి వెనక సత్రంలో, అందరూ వాడుకునే ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడి, రెండింటినీ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరికాయను ఊపి లోపలి సంగతి చెప్పగల మనిషికి ఈ సీసాలు ఏమీ చెప్పలేదు. రంగు ఒకటే, వాసన ఒకటే. పేర్లు రాసిన స్టిక్కర్లే వేరు.

అది యూనివర్సిటీ వాళ్ళ పరిశోధన. గొంతు క్యాన్సరుకు కరెంటు, అంటే రేడియేషన్, పెడితే నోరంతా పూస్తుంది. ఆ పూత తగ్గడానికి పుక్కిలించే మందొకటి తయారుచేశారు. ప్రతి సోమవారం వారానికి సరిపడా కొత్త సీసా ఇస్తారు; కొందరికి అసలు మందు, కొందరికి అదే రంగు నీళ్ళు. ఎవరికి ఏది వెళుతోందో డాక్టర్లకు కూడా చెప్పరు. ఆఖర్న యూనివర్సిటీ వాళ్ళే బయటపెడతారు.

బుల్లిరాజుకు అంతదాకా ఆగే అవసరం కనిపించలేదు. దుర్గలాగే కరెంటు పెట్టించుకుంటున్న వీరమ్మ పెరుగన్నం తింటోంది. దుర్గ మంచినీళ్ళు మింగడానికి కూడా ఏడుస్తోంది. "బరువు ఇంకా తగ్గితే కరెంటు ఆపేయాల్సి వస్తుందండి. మధ్యలో ఆపితే గడ్డ మళ్ళీ పెరగొచ్చు" అని డాక్టర్ ఫణిశ్రీ ముందే చెప్పింది. సరుకు ఏ సీసాలో ఉందో తెలియడానికి ఇంకేం కావాలి?

స్టిక్కర్లు గోటితో లాగగానే ఊడొచ్చాయి. దుర్గ పేరున్నది వీరమ్మ సీసాకు, వీరమ్మ పేరున్నది దుర్గ సీసాకు అంటించాడు. తలుపు వేస్తుండగా వెనక చెప్పుల చప్పుడైంది.

"ఏంటండీ అన్నయ్యగారూ, ఫ్రిజ్‌లో కాపురం పెట్టేస్తారా?" వీరమ్మ నవ్వుతోంది.

"ఎండండీ... కాస్త చల్లగా ఉందని."

"బాగుందండీ వరస! అలాగే నిలబడితే రేపు మీకూ స్టిక్కరు అంటిస్తారు. ఇదిగోండి, వదిన కోసం సగ్గుబియ్యం జావ కాచాను. పలచగా కాచాను, జారిపోద్ది."

గిన్నె కాలుతోంది. బుల్లిరాజు గది దాకా దాన్ని దించకుండా, చేయి మార్చుకోకుండా మోసుకెళ్ళాడు.

మర్నాటి నుంచి అతనికి రెండు నోళ్ళు చూడడమే పని అయింది. భార్య నోరు టార్చిలైటు వేసి చూసేవాడు. వీరమ్మ నోరు దొంగచూపుగా చూసేవాడు. ఆవిడ దగ్గితే చాలు, గుమ్మం దాకా వెళ్ళి అడిగేవాడు.

"ఏమైందండీ? గొంతు నొప్పా?"

"నొప్పేం లేదండీ, పొలమారింది. మీ ఫ్రిజ్ కాపురం సంగతి మా ఆయనకి చెబుతున్నాను."

ఆమె భర్త యెహెజ్కేలు నరసాపురం దగ్గర ఒక బడిలో గుమాస్తా. అతను కూడా నవ్వాడు గానీ, బుల్లిరాజు మొహం వైపు చూడలేదు. నాకే అలా అనిపిస్తోందిలే అనుకున్నాడు బుల్లిరాజు.

గురువారం వీరమ్మ ఆవకాయ ముక్క నాకుతూ దొరికిపోయింది. "డాక్టరమ్మకు చెప్పకండేం! నాలిక చచ్చిపోయిందండీ" అంది.

బుల్లిరాజు ప్రాణం కాస్త కుదుటపడింది. ఆవిడకు నష్టం రాలేదు. నష్టమే లేనప్పుడు తప్పెక్కడుంది? ఇలా అనుకుని లెక్క సరిచేసుకోబోయాడు. సరిపడలేదు. ఆవిడకు నష్టం లేదు, దుర్గకు లాభం లేదు. మరి సరుకు ఏమైంది?

ఆ సాయంత్రం దుర్గ జావ గిన్నె తోసేసింది. మాట రావడం లేదు. వీరమ్మ గదివైపు చేయి చూపించి, రెండు చేతులూ జోడించింది. ఆవిడకు నా తరపున దండం పెట్టండి అని. బుల్లిరాజు వెళ్ళలేదు. వెళ్ళొచ్చానని అబద్ధం చెప్పాడు.

శనివారం దుర్గను బరువు తూచే మిషన్ మీద నిలబెట్టారు. ఫణిశ్రీ అంకె చూసి పెదవి కొరుక్కుంది.

"ఆపాలండి. ముక్కులోంచి గొట్టం వేసి, కాస్త పుంజుకున్నాక మళ్ళీ చూద్దాం."

"గడ్డ పెరుగుద్దన్నారు కదండీ?"

"పెరగకూడదనే కోరుకుందాం."

"ఆ మందు... పని చెయ్యలేదాండీ?"

"ఈవిడకు వచ్చింది మందో, నీళ్ళో నాకూ తెలియదండి."

వరండాలో యెహెజ్కేలు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. బుల్లిరాజును చూడగానే కళ్ళు తుడుచుకున్నాడు. తెలిసిపోయింది, ఇక అడిగేస్తాడు అనుకున్నాడు బుల్లిరాజు. అడిగితే కాళ్ళు పట్టుకుందామని కూడా సిద్ధపడ్డాడు.

"బుల్లిరాజు గారూ, మిమ్మల్ని క్షమించమని అడగాలండి."

"మీరెందుకండీ..."

"కరెంటు ఆపేశారని ఇప్పుడే విన్నాను. పాపం నాదేనండి. మీ మందు మీకు ఉండనిచ్చినా ఇంతదాకా వచ్చేది కాదేమో."

"ఏం చేశారండీ మీరు?"

"సోమవారం పొద్దున రెండు సీసాలూ నేనే కదండీ తెచ్చాను? మా వీరమ్మ పోరు పెట్టింది. 'నాకు తగ్గింది కదా, ఈ వారం నాది వదినకివ్వు. చెబితే అన్నయ్యగారు పుచ్చుకోరు' అని. దారిలోనే స్టిక్కర్లు ఊడదీసి, మా సీసాకు దుర్గమ్మగారి పేరు అంటించి ఫ్రిజ్‌లో పెట్టానండి."

అంత ధైర్యం చేసి బుల్లిరాజు దొంగిలించి తెచ్చుకున్నది, ఆసుపత్రిలో దుర్గ పేరున ఇచ్చిన సీసానే.