క్లౌడు కిరాయి

"వచ్చే నెల ఈ బిల్లు తగ్గకపోతే మీ కంప్యూటర్ గదికి తాళమేస్తా. ఇద్దరూ ఇంటికెళ్దురుగాని" అన్నాడు చంద్రమౌళి, కాగితాన్ని సాహితి ముందుకు తోసి.

నరసరావుపేటలో ఎరువులు, విత్తనాల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది. మాచర్ల, గురజాల, రెంటచింతలలో బ్రాంచీలున్నాయి. నాలుగు కొట్ల లెక్కలూ ఉండేది క్లౌడులో. ఎవరిదో పెద్ద కంపెనీ కంప్యూటర్లలో చోటు కిరాయికి తీసుకుని దాచుకోవడమన్నమాట. ఆ కిరాయి నెలనెలా పెరిగిపోతోంది. దాన్ని చూసుకునే పని సాహితిది, ఆమె కింద గోపికది.

సాహితికి ఇంకో ఉద్యోగం దొరక్కపోదు. గోపిక సంగతి అలా కాదు. మొగుడు క్వారీలో కాలు విరగ్గొట్టుకుని మంచాన ఉన్నాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. "తాళం పడనియ్యను, నువ్వు బెంగపడమాక" అని గోపికకు మాటిచ్చేసింది సాహితి. ఇచ్చాక తనకే భయమేసింది. కానీ మాటంటే మాటే.

క్లౌడుని దులిపేకొద్దీ చెత్త బయటపడింది. రెంటచింతలలో రైతులు తెచ్చిన తెగులు ఆకుల్ని అటు తిప్పీ ఇటు తిప్పీ పెళ్ళి ఫొటోల్లా తీసి ఎక్కిస్తున్నారు. మాచర్ల బ్రాంచి చూసే జమాల్‌ది ఇంకో తంతు. రోజూ సాయంత్రం మొత్తం లెక్కలకు ఒక నకలు తీసి పెడతాడు, నిన్నటిది మాత్రం చెరపడు. ఎందుకన్నా అని అడిగితే, ఒకటి పోయినా ఇంకోటి ఉంటదని ధీమా అన్నాడు. ఆయన ధీమా అంతా క్లౌడులో గుట్టలుగా పేరుకుపోయింది. సాహితి ఫోను పెట్టేయకుండా కూర్చుని ఆయన చేతే అన్నీ చెరిపించింది. ఆ తర్వాత చాలా రోజులు జమాల్ ఆమెతో ముక్తసరిగానే మాట్లాడాడు. మాట్లాడకపోతే పోయె, చోటైతే ఖాళీ అయింది.

ఇక మిగిలినవి పాత లెక్కలు. చంద్రమౌళి తండ్రి కాలం నుంచీ ఉన్న పుస్తకాలకు చెదలు పడితే, పేజీ పేజీ ఫొటో తీయించి, ఏ ఏడుకు ఆ ఏడు విడిగా క్లౌడులోకి ఎక్కించారు. వాటికే బోలెడు చోటు పడుతోంది. తీసేద్దామా అని సాహితి అడిగింది.

"ప్రాణం పోయినా తియ్యొద్దు. ఏడన్నా పెట్టుకో, ఉండటం మాత్రం ఉండాల" అన్నాడాయన.

అయితే చవక చోటుకి మారుద్దామంది. అదీ క్లౌడులోనే. కదపకుండా ఉంచితే కిరాయి లేనట్టే. తెరిచిన ప్రతిసారీ మాత్రం గట్టిగా వడ్డిస్తారు. ఈ సంగతి విడమరచి చెప్పబోతే చంద్రమౌళి చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఆ గోలంతా నాకెందుకు? తగ్గుద్దా, తగ్గదా?"

తగ్గుతుందని చెప్పింది. ఎప్పటివో లెక్కలు, ఇప్పుడెవరు తెరుస్తారులే అనుకుని ఆ పూటే మార్చేసింది.

వారం తిరిగేసరికి కిరాయి తగ్గకపోగా ఎన్నడూ లేనంత పైకి లేచి కూర్చుంది.

సాహితికి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, ఎక్కడ ఖర్చవుతోందో మొదటి నుంచీ వెతికింది. ఎవరో రోజూ పొద్దున్నే, కొట్లో బేరాలు మొదలవకముందే, పాత లెక్కలన్నీ వరసగా తెరుస్తున్నారు. ఒక్క ఏడు కూడా వదలడం లేదు. తెరిచింది కొట్లో అందరూ వాడే ఉమ్మడి పాస్‌వర్డ్‌తో. ఇక ఎవరని పట్టుకుంటుంది?

ఎవరో పాత లెక్కలు బయటికి తీస్తున్నారని చెప్పగానే చంద్రమౌళి ముఖం ఎర్రబడింది. పాస్‌వర్డ్ మార్చేస్తానంటే వద్దన్నాడు. మారిస్తే వాడు జాగ్రత్తపడతాడట.

"మన గుట్టు ఎవడికో చేరేస్తన్నాడు. ఎవడైనా సరే, నా బావమరిదైనా సరే, వదలమాక" అన్నాడు.

పొద్దున్నే తాళాలు తీసేది గుమాస్తా బాలకోటయ్య. సాహితి మొహమాటపడకుండా ఆయన్నే అడిగేసింది. బాలకోటయ్య కోప్పడలేదు. మొలలోని తాళంచెవుల గుత్తి తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఈ కొట్లోనే తల నెరిసిందమ్మా నాకు. నన్నే అడిగినావంటే ఇంక నువ్వు అడగాల్సినోళ్ళు లేరు."

సాహితి గుత్తి ఆయన చేతిలోనే తిరిగి పెట్టింది గానీ, అనుమానం మాత్రం వదులుకోలేదు. ఇక్కడ మెత్తబడితే రోడ్డున పడేది గోపిక.

మర్నాడు పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని స్కూటీ మీద వచ్చేసింది. కొట్టు షట్టరు సగం లేచి ఉంది. బాలకోటయ్య ఎదురుగా టీ బంకు బల్ల మీద కూర్చుని గ్లాసు ఊదుకుంటున్నాడు. ఆయన పక్కనే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. పాత లెక్కలు అప్పుడే తెరుచుకోవడం మొదలైంది. ఒక ఏడు అయ్యాక ఇంకో ఏడు, తీరిగ్గా. చూస్తే బాలకోటయ్య చేతిలో టీ గ్లాసు తప్ప ఏమీ లేదు. నిన్నటి మాటకు సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

"తప్పయింది బాబాయ్" అనేసి, రోడ్డు దాటి, వంగి షట్టరు కిందనుంచి లోపలికి దూరింది. ఈ రోజు వాడి సంగతి తేల్చందే బయటికి రాకూడదనుకుంది.

లోపల అగరొత్తుల పొగ. గల్లాపెట్టె ముందు చంద్రమౌళి ఒక్కడే తల వంచుకుని కూర్చున్నాడు.

"సార్, వాడు ఇప్పుడు కూడా తీస్తన్నాడు" అని గుసగుసగా అంది సాహితి.

కుంకుమబొట్టు పెట్టిన ట్యాబ్‌ని కళ్ళ మీంచి కాస్త దించి, ఆయన చిరాగ్గా అన్నాడు.

"మాట్లాడించమాక అమ్మాయ్, ఇంకా తొంభై ఎనిమిదిలోనే ఉన్నా, అన్ని ఏళ్ళ లెక్కలూ ఒక్కొక్కటే కళ్ళకద్దుకోందే గల్లాపెట్టె ముట్టకూడదు."