గట్టమ్మ లేజర్

"పెప్టైడ్ అంటే పూసల దండసొంటిది అవ్వా," అంది పూజ, మిరపకాయ తొడిమె తీస్తూ. "ఏ పూస ఎనక ఏ పూసుందో తెలువాలంటే తెంపి, ముక్కల్ని తూకమెయ్యాలె. గదే నా పీహెచ్‌డీ."

"కాగబెడితే తెగదా?" అడిగింది నాయినమ్మ గట్టమ్మ.

"మెల్లగ కాగబెడితే బలం లేని కాడనే తెగుతది, అసలు ముచ్చట తెలువది. అందుకే కంటికి కనబడని లేజర్ వెలుగుతోని ఒక్క దెబ్బ కొడ్తం. సర్దుకునే సందియ్యం. యాడవడితే ఆడ తెగుతది."

"పిలగాని పేరేంది?"

"ఐలేశ్."

పూజ నాలిక కరుచుకుంది. పెళ్లిచూపులెందుకు వద్దంటున్నావని అమ్మ మూడు రోజులుగా బుజ్జగించి అడుగుతుంటే, ఏడుపు తప్ప ఇంకేమీ బయటపెట్టలేదు తను.

వంటింటి గడపలో అమ్మ సరోజన కొయ్యబారిపోయింది.

"ఇన్నవా కోడలా? నువ్వు మూడు దినాల సంది సన్నసెగ మీద పెట్టినవ్," అంది గట్టమ్మ. మళ్లీ మనుమరాలి వైపు తిరిగింది. "ఇగ తూకమేద్దాం. ఏం జేస్తడే?"

పూజ తలొంచుకుని మిరపకాయల్ని కెలికింది.

"మా ల్యాబ్‌ల ఆ లేజర్ కొట్టేది గాయ్ననే అవ్వా."