సారాంశంలో లేని మాట

ఆమె రిహార్సల్ హాల్లో అడుగుపెట్టేసరికి, ఆమె నిలబడాల్సిన చోట చెల్లెలు నిలబడి ఉంది. ఆమె చెప్పాల్సిన మాటలే చెబుతోంది.

అక్కను చూడగానే చెల్లెలి గొంతు ఆగిపోయింది. మిగతావాళ్ళు తలలు దించుకున్నారు.

నాటకం దర్శకుణ్ణి అందరూ మాస్టారు అంటారు. ఆయన ఆమెను పక్కకు తీసుకెళ్ళాడు. ఏడాదిపాటు ఊరూరా తిరిగి నాటకం ఆడమని పిలుపు వచ్చిందట. ఎవరెవరు వస్తారో చెప్పమని, రిహార్సల్స్ లేని ఈ వారం పొడుగునా వాట్సాప్ గ్రూపులో అడుగుతూనే ఉన్నాడట.

"నువ్వు ఉలకలేదు, పలకలేదు. మీ చెల్లెలి చేత మీ ఇంట్లో కూడా అడిగించాను. నీకిష్టం లేదంది. రేపు పొద్దున్నే బస్సు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

అసలు టూరు అనేది ఒకటుందనే ఆమెకు తెలియదు.

పగలంతా ఆమె కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. డ్యూటీలో ఫోను ముట్టుకోవడానికి వీల్లేదు. సాయంత్రం తెరిస్తే గ్రూపులో మెసేజీలు గుట్టలుగా పడి ఉండేవి. గుడ్ మార్నింగులూ, జోకులూ, ఒకరి మీద ఒకరి విసుర్లూ, వాటి మధ్య ఎక్కడో రిహార్సల్ టైము. విసుగెత్తి ఒకరోజు ఫోనులోని ఏఐకి అప్పజెప్పింది. క్లుప్తంగా చెప్పమంటే, "సభ్యులు నాటకం గురించి ఉత్సాహంగా మాట్లాడుకున్నారు" అంది అది. ఆమెకు ఒళ్ళు మండింది.

ఆ పూట చెల్లెలు ఇంట్లోనే ఉంది. విని పకపకా నవ్వింది.

"దానికి నువ్వెవరో తెలీదక్కా. నీకేం కావాలో తెలీదు. దానికి మనమిచ్చే సూచనని కూడా, నాటకంలో మాట అందించినట్టే, ప్రాంప్టు అనే అంటారు. తెర వెనక మనం సరిగ్గా అందిస్తేనే, ముందున్నది సరిగ్గా చెబుతుంది."

ఫోను తీసుకుని పక్కన కూర్చుని రాసింది. నేను ఈ నాటకంలో ముఖ్యపాత్ర వేస్తున్నాను. ఏ తేదీ మారింది, ఏ వేళ మారింది, ఏ చోటు మారింది, ముందు అది చెప్పు. నన్ను ఎవరేం అడిగారో పేరుతో సహా చెప్పు. జోకులు వదిలెయ్యి. తెలియనిది ఊహించకు. రోజూ సాయంత్రం ఇదే పద్ధతి పాటించు. ఒక్కో మాటా ఎందుకు రాస్తోందో విడమరిచి చెబుతుంటే ఆమె భర్త కూడా కుర్చీ లాక్కుని శ్రద్ధగా విన్నాడు. మరదలి తెలివికి ముచ్చటపడ్డాడు.

మర్నాటి నుంచీ సారాంశం అద్దంలా వచ్చేది. ఆమె ఇక గ్రూపు తెరవడమే మానేసింది. చెల్లెలు రాసిచ్చింది, ఇంకేం కావాలి? అమ్మ పోయాక ఆ పిల్లకు జడ వేసింది ఈమె. చేయి పట్టుకుని స్టేజీ ఎక్కించిందీ ఈమే.

ఇప్పుడా పిల్ల ఆమె ఎదురుగా నిలబడి చేతులు నలుపుకుంటోంది.

"నీకిష్టం లేదన్నావట కదక్కా. అందుకే నేను..."

"ఎవరితో అన్నానే? కలలో గాని అన్నానా? నువ్వు రాసిన రాతే కదా అది! ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో అన్నీ నువ్వే రాశావు."

చెల్లెలు ఏదో చెప్పబోయింది. ఆమె చెవిన పెట్టలేదు. ఇకమీదట అక్కా అని పిలవొద్దంది. అందరూ వింటుండగానే అంది. అని, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

ఎప్పటిలాగే వీధి మలుపులో భర్త స్కూటర్ మీద ఎదురుచూస్తున్నాడు. ఆమె ముఖం చూసి ఏమీ అడగలేదు. ఇంటికి వచ్చాక టీ పెట్టి ఇచ్చాడు. ఆమె ఏడుస్తూ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"అనకూడదు గాని, ఆ పిల్లకి నీ పాత్ర మీద ఎప్పట్నుంచో కన్నుంది," అన్నాడు మెల్లగా. "పోనీలే. నువ్వు ఏడాది పాటు లేకపోతే ఈ ఇల్లు ఇల్లులా ఉంటుందా? ఆ ఫోను ఇలా తే. గ్రూపూ వద్దు, సారాంశాలూ వద్దు. అన్నీ తీసిపారేస్తాను."

ఇంత మంచి మనిషి తోడున్నాడన్న ఊరట ఒక్కటే మిగిలింది ఆమెకు. పొద్దున ఇస్తాలే అంది.

తెల్లవారేసరికి బస్సు వెళ్ళిపోయింది. చెల్లెలు చేసిన ఫోను ఆమె ఎత్తలేదు. భర్త స్నానానికి వెళ్ళాడు.

ఫోను ఇచ్చేసే ముందు, చెల్లెలి మోసాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలనిపించింది. చెల్లెలు నేర్పిన పద్ధతిలోనే, నిదానంగా, ఒక్క మాట కూడా జారిపోకుండా టైపు చేసింది. ఈ వారంలో నువ్వు నాకు చెప్పకుండా వదిలేసినవి ఏమిటి? ఎవరి ఊహా వద్దు. ఏ సూచన వల్ల వదిలేశావో ఆ సూచనను ఉన్నదున్నట్టు చూపించు.

జవాబు వచ్చింది.

"టూరుకు సంబంధించిన మెసేజీలన్నీ వదిలేశాను. అందుకు కారణం, పోయిన వారం చివర్లో చేర్చిన ఈ సూచన: 'టూరు సంగతి మా ఆవిడ కంటపడనివ్వకు.'"